కుండ సిరికొండది, పాట ప్రధాన్లది: ఉట్నూరు వైపు పాటల సేకరణ, పని డైరీ

జూన్, తొలకరి

ముందు పని ఏమిటో రాసుకుంటాను. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు, జైనూరు మండలాల్లో పండుగలకూ పూజలకూ పాడే పాటలు, చెప్పే కథలు, వాయించే వాద్యాలు రికార్డు చేయాలి. వివరాలతో భద్రపరచాలి. ఆపైన పాడినవాళ్ల ఊళ్లకే వాటిని తిరిగి అందజేయాలి. నేను బడిపంతులును. నాతో పాటు, డిగ్రీ చదివే ఒక ప్రధాన్ (గోండుల గాథలు పాడే తెగ) కుర్రవాడు, తండా నుంచి ఒక లంబాడీ అమ్మాయి, కొలాం గూడెం నుంచి ఒక ఆశా కార్యకర్త ఉన్నారు. ఎవరి ఊళ్లో వాళ్లు ముందుండి మాట్లాడతారు, నేను వెనక యంత్రం పట్టుకుంటాను.

ఉట్నూరు సంతలో ఒక మూల నుంచి మరో మూలకు నడిస్తే గోండి, కొలామి, లంబాడీ, మథుర, మరాఠీ, ఉర్దూ, తెలుగు అన్నీ చెవిన పడతాయి. 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవారు దేశం మొత్తం మీద 29 లక్షల 84 వేల మంది, కొలామి మాట్లాడేవారు దాదాపు లక్షా 28 వేల మంది. గోండి అంకె చూసి ధైర్యపడడానికి లేదు. అది అనేక రాష్ట్రాల్లో చెల్లాచెదురైన జనం. బస్తర్ గోండి వేరు, మన వైపు గోండి వేరు. పాటలైతే ఊరు ఊరికీ మారతాయి.

ఇంతవరకు నేను చూసిన సేకరణల్లో చాలావరకు తెగకో పెట్టె కట్టి పెట్టినవే. గోండు నృత్యం ఒక పెట్టెలో, లంబాడీ నృత్యం ఇంకో పెట్టెలో, కొలాం పాట మూడో దానిలో. వేదిక మీదా అంతే, తలా ఐదు నిమిషాలు. ఈ నేల మీద బతుకు అలా లేదు. గోండుల వంశ చరిత్ర ప్రధాన్ల నోట ఉంటుంది. కొన్ని స్థల దేవతల పూజ కొలాం చేయాలి, అందుకే గోండులు వాళ్లను పూజారి అని పిలుస్తారు. ఇత్తడి గంటలు, దేవతా మూర్తులు ఓజాలు అనే లోహపు పనివాళ్లు పోతపోయాలి. కెస్లాపూర్‌లోని నాగదేవుడు నాగోబాకు నీళ్లు పట్టే కుండలు సిరికొండ కుమ్మరులు చేయాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు తెగిన చోట పాట ఆగిపోతుంది. కాబట్టి పాటతో పాటు ఆ పాట ఎవరెవరి చేతుల మీద నిలబడిందో కూడా రాయాలని మొదటి రోజే నిర్ణయించుకున్నాం.

జూలై: యంత్రాలు, చీటీలు

చేతిలో పట్టే ఒక మంచి రికార్డర్ కొన్నాం. గాలి హోరు ఆపే బొచ్చు తొడుగు, రెండు అదనపు బ్యాటరీలు, చిన్న ముక్కాలి తీసుకున్నాం. ఫోనుతో ఎందుకు సరిపెట్టుకోలేదని చాలామంది అడిగారు. మాట వరకు ఫోను చాలు. ప్రధాన్లు వాయించే కిక్రి అనే వాద్యం తీగ మీద కమాను జారే సన్నని రాపిడిని ఫోను మింగేస్తుంది, డోలు దెబ్బకు అందులో ధ్వని చిట్లిపోతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా రికార్డు చేస్తున్నాం. అలా చేస్తే గంట పాటకు సుమారు ఒక జీబీ పడుతుంది. మూడు ప్రతులు ఉంటాయి: ఒకటి నా దగ్గరి హార్డ్ డిస్కులో, రెండోది ఆదిలాబాద్‌లో ఒక స్నేహితుడి ఇంట్లోని డిస్కులో, మూడోది అంతర్జాలంలో తాళం వేసిన చోట. రెండు డిస్కులూ ఒకే ఇంట్లో ఉండకూడదన్నది మా నియమం. వాన పడితే ఇక్కడి పెంకుటిళ్లు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకు కారణం చెప్పనక్కర్లేదు.

అసలు శ్రమ చీటీ తయారు చేయడంలో పడింది. ప్రతి రికార్డింగుకూ ఒక చీటీ. పాడినది ఎవరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరి కోసం పాడతారు, ఏ నెలలో, ఏ సందర్భంలో, వాద్యం ఎవరు చేసి ఇచ్చారు, ప్రతిఫలంగా ఏమి ముట్టేది, ఇప్పుడు ఏమి ముడుతోంది. చివర ఒక ప్రశ్న పెట్టాం: ఏ వస్తువు దొరకకపోతే ఈ పాట పాడరు? చీటీ మొత్తంలో నాకు ప్రాణప్రదమైనది ఆ ప్రశ్నే.

సమ్మతిని కాగితం మీద వేలిముద్రగా తీసుకోవడం నాకు ఇష్టం లేదు. ఇక్కడ వేలిముద్ర అనగానే భూమి గుర్తుకొస్తుంది, అప్పు గుర్తుకొస్తుంది. పాడబోయే ముందు వాళ్ల భాషలోనే అడిగి, వాళ్ల నోటి మాటనే రికార్డు చేస్తున్నాం. మూడు మెట్లు పెట్టాం. మొదటిది ఊరికి మాత్రమే. రెండోది చుట్టుపక్కల బళ్లకు. మూడోది అందరికీ. ఏ మెట్టో పాడినవాళ్లు చెబుతారు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఆగస్టు, శ్రావణం

తండాల్లో తీజ్. పెళ్లి కాని ఆడపిల్లలు చిన్న బుట్టల్లో ఎరువు కలిపిన మట్టి పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. చివరి రోజున చెరువులోనో వాగులోనో కలుపుతారు. రికార్డు చేసినదంతా మా బృందంలోని లంబాడీ అమ్మాయే. మగవాళ్లు పక్కన నిలబడితే ఆ పాటల నడక మారిపోతుందని ముందే చెప్పింది, నేను ఊరి బయటే ఉన్నాను. సాయంత్రం ఆమె తెచ్చిన ఫైలులో ఒక ముసలి తల్లి, యాడి అని అందరూ పిలిచే ఆమె, పాట మధ్యలో ఆగి చిన్నపిల్ల పదాన్ని సరిదిద్దడం వినిపించింది. దాన్ని కత్తిరించలేదు. నేర్పడం ఎలా జరుగుతుందో చెప్పే చోటు అదే.

బుట్టల గురించి చీటీలో ఒక వాక్యం చేరింది: ఆ తండాకు వెదురు బుట్టలు పక్క కొలాం గూడెం నుంచి వచ్చేవి. ఇప్పుడు సంతలో ప్లాస్టిక్ గంపలు కొంటున్నారు. వెదురు బుట్టలోనైతే నీరు అడుగు నుంచి దిగిపోతుంది, ప్లాస్టిక్‌లో నిలిచి మొలక కుళ్లుతుంది. ఈసారి కొందరు పిల్లల మొలకలు అలాగే పోయాయి. వచ్చే శ్రావణానికి కొలాం గూడెంలో బుట్టలు చెప్పించాలని తండా ఆడవాళ్లే అనుకున్నారు. మా కొలాం కార్యకర్త ఆ మాట అందుకుని అక్కడికక్కడే ధర కూడా చెప్పింది.

సెప్టెంబరు

పొలాల అమావాస్యకు ఎద్దుల ఊరేగింపు, గోండు పిల్లల వెదురు కర్రకాళ్ల నడక చిత్రీకరించాం. బతుకమ్మ పాటలు ఇప్పటికే ఎందరో సేకరించినవి కాబట్టి వాటి జోలికి పోలేదు. మాకున్న సమయం తక్కువ, ఎవరూ చేయనిదే ముందు చేయాలి.

అక్టోబరు, దండారి

ఏడాదంతటికీ ఇదే పెద్ద పని. గోండుల ఆటపాటల పండుగ దండారి, భోగి అనే పూజతో మొదలై కొలబోడి అనే పూజతో ముగుస్తుంది, మధ్యలో దీపావళి వస్తుంది. ఈ రోజుల్లో గుస్సాడీలు, అంటే వేషం కట్టి ఆడేవాళ్లు, దీక్షలో ఉంటారు, స్నానం చేయరు. తల మీద నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, భుజాన మేక తోలు, నడుముకూ కాళ్లకూ గంటలు. పోరిక్‌లు అంటే ఆడ వేషం కట్టిన యువకులు. గుమేల, పర్ర, డప్పు, పెప్రె, కాలికోమ్ వాద్యాలన్నీ కలిసి మోగుతుంటే ఒక ఊరి జట్టు ఇంకో ఊరికి విడిదికి వెళుతుంది. వచ్చిన ఊరిని దేవుడి రాకగా భావించి కాళ్లు కడిగి అన్నం పెడతారు. రాత్రంతా ఆట, పాట. ఆతిథ్యమిచ్చిన ఊరు మళ్లీ వీళ్ల ఊరికి రావాలి. సంబంధాలు కుదిరేది కూడా ఈ రాకపోకల్లోనే.

బయటివాళ్ల కెమెరా చూసేది ఆ నెమలి టోపీనే. నేను ఈసారి టోపీని వదిలి, విడిది ఊళ్లో వంట చేసేవాళ్లతో, దారిలో డోలు మోసేవాళ్లతో, వాద్యాలు బాగుచేసేవాళ్లతో మాట్లాడాను. గుమేల అంటే నోటికి తోలు బిగించిన మట్టి కుండ. అది పగిలితే? ఒక గూడెంలో ముగ్గురు పెద్దలను అడిగితే ముగ్గురూ ఒకే కుమ్మరి ఇంటి పేరు చెప్పారు. ఆ ఇంట్లో సారె తిప్పే మనిషి ఇప్పుడు లేడు. గూడెంవాళ్ల దగ్గరున్న గుమేల పాతది, గుడ్డల్లో చుట్టి అటక మీద పెడతారు, దండారికే దించుతారు. చీటీలో చివరి ప్రశ్నకు సమాధానంగా మా కుర్రవాడు "కుండ" అని రాశాడు. అంత పెద్ద పండుగ వాద్యానికి ఆధారం ఒక కుండ అని ఎవరూ అనుకోరు.

నెమలి ఈకల గురించి కూడా కొంత రాయాలి. వందల ఈకలు ఒక్కో టోపీకి కావాలి. నెమలి ఏటా సహజంగా రాల్చినవే ఏరి తెస్తారు, ఒకసారి కట్టిన టోపీని తరాలపాటు కాపాడుకుంటారు. దాన్ని పూజలో పెడతారు. వేషసామగ్రిలా ఎవరికిపడితే వాళ్లకు ఇవ్వరు. ఇది తెలియక ఒక చిత్రీకరణ బృందం టోపీని అద్దెకు అడిగింది. ఆ ఊరి పెద్ద మర్యాదగానే కాదన్నాడు. వాళ్లు వెళ్లిపోయాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ బృందం అంతకుముందు ఏడాది తీసిన దృశ్యంలో రాత్రంతా సాగిన ఆటను అర నిమిషానికి కుదించి, కింద వేరే పాట వేసింది. ఊరివాళ్లు దాన్ని ఫోన్లలో చూశారు. తమ డోలు చప్పుడు లేని తమ ఆటను చూసుకోవడం వాళ్లకు ఎంత కష్టమనిపించి ఉంటుందో ఊహించగలను. నేను వాళ్ల పక్షమే. పాటను కోయవలసి వస్తే ఎక్కడ కోయాలో పాడినవాళ్లే చెప్పాలి.

మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో, దీపావళికి కొద్ది రోజుల ముందు కన్నుమూశారు. ఆయన దగ్గర నేర్చుకున్న యువకులు చాలా ఊళ్లలో ఉన్నారు, ఆట నిలిచింది. ఒక గురువు ఊరూరా శిష్యులను తయారు చేస్తే ఎంత తేడా వస్తుందో చూడాలంటే గుస్సాడీని, కిక్రినీ పక్కపక్కన పెట్టి చూడాలి. కిక్రి నేర్పే చేతులు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉన్నాయి.

నవంబరు: కిక్రి, రాత పని

కిక్రి మూడు తీగల వాద్యం, కమానుతో వాయిస్తారు. గోండు వంశాల పెద్ద దేవుడైన పెర్సపేన్ పూజకు ప్రధాన్ వచ్చి కిక్రి మోగించి గాథ చెప్పాలి. గోండుల ఆదిగురువు పహాండి కుపార్ లింగాల్ కథ, దేవతలను గుహ నుంచి విడిపించిన కథ, నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగాలుగా (వంశ సమూహాలుగా) వంశాలు విడిపోయిన వైనం, అన్నీ ఆ గాథల్లోనే ఉన్నాయి. తోటీలు కూడా ఇలా పాడేవారే. తెలంగాణలో ప్రత్యేకంగా బలహీనమైన ఆదివాసీ సమూహాలుగా గుర్తించినవాటిలో కొలాంలతో పాటు వాళ్లూ ఉన్నారు. 2011 లెక్కల్లో తోటీల సంఖ్య ఐదు వేలకు మించలేదు.

ఇక్కడి ప్రధాన్లలో చాలా ఇళ్లలో మాట్లాడుకునేది మరాఠీ. కిక్రి ఒళ్లోకి తీసుకోగానే గోండి మొదలవుతుంది. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచిన సంగతి ఇదే. తమ ఇంటి భాష కాని భాషలో, తమవి కాని వంశాల చరిత్రను, పొల్లు పోకుండా తరాలపాటు మోసుకొచ్చారు. ఏ తెగ పెట్టెలో వేయాలి దీన్ని? గోండు సాహిత్యమా, ప్రధాన్ కళా? రెండు పేర్లూ చీటీలో పక్కపక్కనే ఉండాలి. ఒకరు లేకపోతే మరొకరి పేరుకు అర్థం లేదు.

ఒక పెద్దాయనను వారం వారం కలుస్తున్నాం. దాదా అని పిలుస్తాను. "దాదా, మీకు ఇప్పుడు ఎవరు ఇస్తున్నారు?" అని అడిగాను. పాత రోజుల్లో ఒక్కో ప్రధాన్ కుటుంబానికి కొన్ని గోండు కుటుంబాలు ఉండేవి. కోతలయ్యాక జొన్నలు, పెళ్లికీ కర్మకాండకూ పశువో బట్టో ముట్టేది. ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టి చెప్పాడు. "సారూ, తండ్రులు పిలిచేవాళ్లు. కొడుకులు డబ్బు పంపిస్తున్నారు. డబ్బు పంపితే నేను ఎవరి ముందు పాడాలి?" అన్నాడు. ఫోనులో డబ్బు పంపే సదుపాయం గురించి ఎన్నో పొగడ్తలు విన్నాను, దానివల్ల ఒక పాట ఆగిపోవడం గురించి మొదటిసారి విన్నాను.

రాత పని సంగతి. ఎలాన్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ ఉచితంగా ఇస్తుంది. ధ్వని తరంగం కింద వాక్యం వాక్యానికీ ఒక వరుసలో గోండి, రెండో వరుసలో తెలుగు అర్థం, మూడో వరుసలో వివరణ రాసుకోవచ్చు. గంట పాటను రాసి, అర్థం చెప్పించుకుని, పాడినవాళ్లతో సరిచూసేసరికి కొన్ని వారాల సాయంత్రాలు పోతాయి. ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా.

ఏ లిపిలో రాయాలన్న చర్చ చాలా నడిచింది. మార్లవాయిలో 1940లలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండి వాచకాలు దేవనాగరిలో వేయించాడు. నార్నూరు మండలం గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల ద్వారా గోండులకు సొంత లిపి ఒకటి ఉన్నట్టు లోకానికి తెలిసింది. గుంజాల గోండి లిపి 2018లో కంప్యూటర్లలో అక్షరాలకు ప్రమాణమైన యూనికోడ్‌లో చేరింది, ఉచిత ఫాంటు కూడా ఉంది. మేం ముందు తెలుగు లిపిలో రాస్తున్నాం. పిల్లలు బడిలో నేర్చుకుంటున్నది అది, పైగా గోండికి అవసరమైన హ్రస్వ దీర్ఘ ఎ, ఏ, ఒ, ఓ తేడాలు తెలుగులో సహజంగా ఉన్నాయి. సరిచూసిన పాటలను మాత్రం గుంజాల లిపిలో కూడా రాయించి పక్కన పెడుతున్నాం. సొంత అక్షరాల్లో తాత పాటను చూసిన పిల్లవాడు మిగతా పేజీలు తిప్పడం నేను కళ్లారా చూశాను.

ఆదిలాబాద్ ఆకాశవాణి గోండి, కొలామి, లంబాడీ కార్యక్రమాలు చాలా ఏళ్లుగా వేస్తోంది. దాదా కొన్ని పాటల వేగాన్ని రేడియో కోసం మార్చుకున్నానని చెప్పాడు. పాత వేగంలో ఒకసారి, రేడియో వేగంలో ఒకసారి పాడించి రెండూ ఉంచాం.

డిసెంబరు, ఉషెగావ్

జైనూరు మండలం ఉషెగావ్‌లో ఓజాల పని చూశాం. మట్టితో గుల్ల చేసి, దాని మీద మైనం తీగలు సన్నగా లాగి అల్లుతారు. పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి కారిపోయిన ఖాళీలో కరిగించిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితే బొమ్మ బయటపడుతుంది, ఆ అచ్చు మళ్లీ పనికిరాదు. ఈ పోతపనినే డోక్రా అంటారు, ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రదర్శనల్లో ఏనుగులు, నెమళ్లు, దీపాలు అమ్ముడుపోతున్నాయి, అది మంచిదే, పొయ్యి వెలుగుతోంది.

నేను అడిగింది గంటల గురించి. గుస్సాడీ నడుముకు కట్టే గంటలు, దేవుడి పూజకు కావలసిన వస్తువులు పోతపోయమని గూడేల నుంచి ఇప్పుడు ఎందరు వస్తున్నారు? తక్కువే. సంతలో యంత్రం మీద చేసిన గంటలు చౌకగా దొరుకుతున్నాయి. పోతగంటను, సంత గంటను పక్కపక్కన మోగించి రికార్డు చేశాం. తేడా ఎవరికైనా తెలుస్తుంది. పోతగంటల్లో ఏ రెండూ ఒక్కలా మోగవు, అందుకే గుంపు నడిచి వస్తుంటే చప్పుడు నిండుగా ఉంటుంది. సంత గంటలన్నీ ఒకే స్వరంలో కిణకిణలాడతాయి. ఆ రెండు నిమిషాల ధ్వనిని మూడు దండారి జట్లకు వినిపించాం. ఒక జట్టు పెద్ద మరుసటి వారమే ఉషెగావ్ వెళ్లి గంటలు చెప్పి వచ్చాడు. ఇంతవరకు చేసిన పనిలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఇదే. రికార్డింగు వల్ల పోతపొయ్యికి ఒక పని దొరికింది.

జనవరి, పుష్యమాసం

నాగోబా జాతర సన్నాహం. కెస్లాపూర్‌లో పుష్య అమావాస్య రాత్రి మెస్రం వంశీయుల మహాపూజ జరుగుతుంది. దానికి ముందే వాళ్లు కాలినడకన జన్నారం మండలంలోని హస్తినమడుగుకు వెళ్లి గోదావరి జలం తెస్తారు. అంతకంటే ముందు ఎడ్లబండి మీద సిరికొండ వెళ్లి కుమ్మరులకు కుండలు చెబుతారు. ఎన్ని కుండలు, ఏ కొలత, ఏది నీటికి, ఏది వంటకు, అన్నీ వాళ్లకు తెలుసు, ఎవరూ కాగితం మీద రాసుకోరు.

సిరికొండలో కుమ్మరుల ఇంటి ముందు ఒక పూట కూర్చున్నాం. ఇంటి పెద్దావిడ తెలుగులో మాట్లాడుతుంటే, బండి మీద వచ్చిన మెస్రం పెద్ద గోండి కలిసిన తెలుగులో బదులిస్తున్నాడు. "అవ్వా, ఈ కుండలు చేసేటప్పుడు ఏమైనా నియమం ఉందా?" అని అడిగాను. "నాగోబా కుండ అయ్యేదాకా ఇంట్లో నీసు ముట్టం బిడ్డా, ఇంకో కుండ సారె మీద పెట్టం" అంది. తన దేవుడు కాని దేవుడి కోసం ఒక తెలుగు ఇల్లు నియమం పాటించడం ఏ గోండు కళల సంకలనంలోనూ నాకు కనబడలేదు. మా చీటీల్లో మాత్రం అది మొదటి వరుసలో ఉంది.

జాతరలో మా వాటా చిన్నది. మహాపూజను రికార్డు చేయలేదు, చేయమని అడగనూ లేదు. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ లోపలి విషయం, అది వాళ్లది. ప్రధాన్లు చెప్పిన నాగోబా కథను మెస్రం పెద్దల ఎదుట, వాళ్ల అనుమతితో పట్టాం. ఊరికి మాత్రమే అన్న మెట్టు మీదే ఉంచమన్నారు. ఒక ప్రతిని వాళ్ల చేతికే ఇచ్చాం, మా డిస్కులో ఉన్నదానికి తాళం వేశాం. అంత అందమైన గాథను లోకానికి వినిపించకపోవడం అన్యాయమని మా కుర్రవాడే వాదించాడు. అది వినవలసిన లోకం కెస్లాపూర్ మర్రిచెట్ల కింద ఏటా కూడుతూనే ఉంది, వాళ్లకు వినబడితే చాలని నా అభిప్రాయం.

జాతరలో అధికారులు ఆదివాసుల సమస్యలు వినే దర్బారు గురించి బయటివాళ్లకు ఎక్కువ తెలుసు. 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాక, ఆదివాసుల పరిస్థితి అధ్యయనం చేయమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన చొరవతో దర్బారు మొదలైంది. ఆయన తీసిన ఫొటోలు, రాసుకున్న నోట్సు లండన్‌లోని సోయస్ అనే విద్యాసంస్థలో ఉన్నాయి. ఆ ఫొటోల్లో కొన్ని ముద్రించి దండారి ఊళ్లలో చూపించాం. పెద్దలు ముఖాల కన్నా ముందు వస్తువులను గుర్తుపట్టారు. ఆ గంట ఏ ఊరి ఓజా పోసిందో, ఆ కిక్రికి ఆ చెక్క ఎక్కడిదో చెప్పుకొచ్చారు. వాళ్లు చెప్పిన మాటలను ఫొటో సంఖ్యలతో సహా రాసి ఉంచాం.

ఫిబ్రవరి: తిరిగి ఇవ్వడం

ఊళ్లలో సిగ్నలు అందే చోట్లు తక్కువ. అంతర్జాలంలో పెట్టి లింకు పంపితే చేరదు. అందుకే 128 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చి మెమరీ కార్డుల్లో ఇస్తున్నాం. అలా చేస్తే వంద గంటల పాట ఆరు జీబీలకు లోపే సరిపోతుంది, ఎనిమిది జీబీల చౌక కార్డు చాలు. ప్రతి ఊరికి ఒక కార్డు, ఒక చిన్న స్పీకరు, అచ్చేసిన పాటల పుస్తకం. కార్డులో ఆ ఊరి పాటలతో పాటు వాటితో ముడిపడిన పక్క ఊళ్లవి కూడా ఉంటాయి, వాటికి ఆ ఊళ్ల అనుమతి ముందే తీసుకున్నాం. గోండు గూడెం కార్డులో ప్రధాన్ గాథ, ఉషెగావ్ గంటల చప్పుడు, సిరికొండ అవ్వ మాటలు ఉన్నాయి. తండా కార్డులో కొలాం బుట్టల అల్లిక గురించిన మాటలు ఉన్నాయి. సిరికొండ కార్డులో, మెస్రం పెద్దలు ఒప్పుకున్నంత మేరకు, తమ కుండలతో జలం ఎలా సాగిందో ఉంది. కుమ్మరి ఇంటివాళ్లు ఆ నడకను వినడం అదే మొదటిసారి. స్పీకరును వాకిట్లో పెట్టి వీధంతా విన్నారు.

అందరికీ అన్న మెట్టు మీద ఉన్నవి కొన్నే. వాటిని అంతర్జాలంలో అందరికీ తెరిచి ఉంచే భాండారం వికీమీడియా కామన్స్‌లో పెట్టే ముందు అక్కడి లైసెన్సు అంటే ఏమిటో విడమరిచి చెప్పాం. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చవచ్చు, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. ఈ మాట విన్నాక కొందరు వెనక్కి తగ్గారు, కొందరు పర్వాలేదన్నారు. తీజ్ పాటల్లో రెండు, కొలాం లాలిపాట ఒకటి, కిక్రి శ్రుతి చేసే విధానం, గంటల పోలిక బయటకు వెళ్లాయి. మిగతావి ఊళ్లలో తిరుగుతున్నాయి.

మార్చి: ఇప్పుడు ఎక్కడున్నాం

దాదా దగ్గర ఇద్దరు పిల్లలు కిక్రి పట్టుకున్నారు. ఒకడు ఆయన మనవడు. రెండోవాడు గోండు పిల్లవాడు. అది ఆచారం కాదని కొందరు గొణిగారు. దాదా మాత్రం వాడికి కమాను పట్టడం నేర్పుతున్నాడు, కాకపోతే పెర్సపేన్ ముందు గాథ చెప్పడం ప్రధాన్ పనేనని ముందే చెప్పి ఉంచాడు. ఆ గీత ఎక్కడ గీయాలో ఆయనకు తెలిసినంత నాకు తెలియదు కాబట్టి నేను మాట్లాడలేదు. పొలం పనులు లేని ఈ రెండు నెలల్లో దాదాకు నెలనెలా కొంత ముట్టజెప్పడానికి నాలుగు గోండు కుటుంబాలు ఒప్పుకున్నాయి. మేం షరతు ఒక్కటే పెట్టాం: ఫోనులో పంపకూడదు, ఇంటికి పిలిచి పాడించుకుని ఇవ్వాలి.

గుమేలకు కుండ సమస్య తీరలేదు. సిరికొండ వాళ్లను అడిగితే కొలత కావాలన్నారు. అటక మీది పాత గుమేలను ఊరి పెద్ద అనుమతితో దించి, నోటి వెడల్పు, పొట్ట చుట్టుకొలత, మట్టి మందం తీసుకున్నాం. తాటి ఆకు మీద అసలు సైజులో ఆకారం గీసి పంపాం. మట్టి ఎండే కాలం ఇదే, వైశాఖంలోపు ఒక నమూనా కాల్చి చూస్తామన్నారు. తోలు బిగించడం తెలిసిన ఒకాయన జైనూరు వైపు ఉన్నాడని కబురు అందింది, మా కుర్రవాడు వెళుతున్నాడు.

కొలామి రాత పని వెనకబడి ఉంది. కొలామి, తెలుగు రెండూ బాగా తెలిసి, సాయంత్రాలు కూర్చోగలిగినవాళ్లు ఇంకో ఇద్దరు కావాలి. గౌరవ వేతనం ఇస్తాం.

చదువుతున్నవాళ్లకు ఒక మాట. 1980, 90లలో ఆదిలాబాద్ జిల్లాలో ఉపాధ్యాయులుగా, అటవీ ఉద్యోగులుగా, వైద్యులుగా పనిచేసినవారి ఇళ్లలో జాతర పాటల క్యాసెట్లు ఉండే అవకాశం ఉంది. అవి దొరికితే దయచేసి వెంటనే టేపు రికార్డర్‌లో వేయకండి. బూజు పట్టిన టేపు ఒక్కసారి తిరిగితే తెగుతుంది, యంత్రం తల కూడా పాడవుతుంది. ఎండలో పెట్టకండి, తుడవకండి. పొడి గుడ్డలో చుట్టి, మీద ఊరి పేరు, సంవత్సరం గుర్తున్నంత వరకు రాసి ఉంచండి. శుభ్రం చేసి డిజిటల్ చేసే పని మేం చూసుకుంటాం, ఒక ప్రతి మీకు, ఒక ప్రతి ఆ ఊరికి.

ఏప్రిల్లో తోటీల ఊళ్లకు వెళ్లాలి. ఆ తరువాత వైశాఖంలో పెర్సపేన్ పూజలు. రికార్డర్ కొత్త బ్యాటరీలు రేపు వస్తాయి.